మాధవవర్మ ఏనుగులు ఎవరివి?

సంపాదకులకు నమస్కారం.

కాకతీయుల మూలపురుషుడు మాధవవర్మ అనీ, పద్మాక్షి అమ్మవారి దయవల్ల ఆయనకు వేల ఏనుగులు దక్కాయనీ ఫోన్లలో తిరిగే వీడియోలు చరిత్రగా చెప్పేస్తున్నాయి. హనుమకొండ పద్మాక్షి గుట్ట మీది నాలుగు పలకల స్తంభం మీద 1117 నాటి కన్నడ శాసనం ఉంది. కాకతీయ రాజు రెండో ప్రోలుడి మంత్రి బేతన భార్య మైలమ కట్టించిన బసదికి (జైన ఆలయానికి) భూదానం చేసిన ఉగ్రవాడి పాలకుడు మేడరసు అందులో కనిపిస్తాడు. ఎనిమిది వేల ఏనుగులు, పది కోట్ల గుర్రాలు గల మాధవవర్మ వంశం తనదని చెప్పుకున్నది అతడే. కాకతీయులు తమది దుర్జయ వంశమన్నారు. బయ్యారం చెరువు శాసనంలో వారి వంశావళి వెన్నరాజు నుంచి మొదలవుతుంది. తర్వాత ప్రోలుడి కొడుకు రుద్రదేవుడు ఈ మేడరసు వంశపు మేడరాజును గెలిచి, వారి పొలవాస రాజ్యం కలుపుకున్నాడు. ఓడినవారి మూలపురుషుడు తర్వాతి కథల్లో గెలిచినవారి ఖాతాలోకి వెళ్లిపోయాడు.

కాకతీయులు మొదట కల్యాణి చాళుక్యుల సామంతులు. సామంతుడు ఎప్పుడు స్వతంత్రుడయ్యాడో తెలియాలంటే శాసనంలోని పొగడ్తలు పక్కనపెట్టి, తేదీ ఎవరి లెక్కలో ఉందో చూడాలి. పద్మాక్షి శాసనంలో ఉన్నది చాళుక్య విక్రమ శకం 42, అంటే కల్యాణి ప్రభువు లెక్క. రుద్రదేవుడి వేయిస్తంభాల గుడి శాసనం తేదీలో శక సంవత్సరం 1084 ఉంది, ప్రభువు పేరు లేదు. దీనికి 78 కలిపి 1162 అని రాసేవారున్నారు. అది తప్పు. తిథి మాఘమాసానిది, జనవరిలో పడుతుంది కనుక 1163.

ఈ రెండో శాసనం రాసిన అచింతేంద్రకవి మాటలనూ ఆచితూచి తీసుకోవాలి. ప్రోలుడు యుద్ధంలో పట్టుబడ్డ తన ప్రభువు, చాళుక్య రాజు తైలపుణ్ణి భక్తితో, అభిమానంతో వదిలేశాడంటాడు. అదే తైలపుడు రుద్రదేవుడి భయంతో అతిసారం పట్టి చనిపోయాడనీ అంటాడు. కల్యాణిని నిజంగా లాక్కున్నది మరో సామంతుడు, కలచురి బిజ్జలుడు. కవి మాటనే పట్టుకుంటే ఆ కీలకమైన సంగతి మరుగున పడిపోతుంది.

బతుకమ్మ పండక్కి పద్మాక్షి గుట్ట కింద వేలమంది చేరతారు. స్తంభం దగ్గర, వేయిస్తంభాల గుడి దగ్గర శాసన పాఠం నేటి తెలుగు లిపిలో, దాని కింద వాడుక భాషలో అర్థం, శక సంవత్సరంతోపాటు నేటి సంవత్సరం రాసిన పలకలు పెట్టాలని పురావస్తు అధికారులను కోరుతున్నాను. మాధవవర్మ కథ కూడా రాయండి, అయితే అది మొదట ఎవరి శాసనంలో ఉందో చెప్పి రాయండి.

– ఒక పాఠకుడు, హనుమకొండ