ఫిలిం ఇచ్చారు, సీడీ ఇవ్వలేదు

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో 'కంప్యూటర్‌తో కొత్త దవడ' అని వార్త వేశారు. చదివితే ఎవరో మంత్రం వేసినట్టుంది. నాలుగు రోజులు ఊరుకున్నాను, ఇక ఉండబట్టక రాస్తున్నాను.

మా తమ్ముడికి నిరుడు ఎడమ దవడ తీసేశారు. గుట్కా పుణ్యాన వచ్చిన క్యాన్సర్ గడ్డ. పిక్కలోని రెండు ఎముకల్లో సన్నదాన్ని రక్తనాళంతో సహా తీసి దవడగా పెట్టారు. ఇది 1989 నుంచీ ఉన్న పద్ధతే. కొత్త సంగతల్లా, కత్తి పట్టకముందే కోతంతా కంప్యూటర్‌లో కోసి చూసుకోవడం. ముఖానికి సీటీ స్కాను, కాళ్ల రక్తనాళాలకు ఇంకోటి. దవడ ఎందాకా తీయాలి, కాలి ఎముకను ఎన్ని ముక్కలు చేసి ఏ కోణంలో కలపాలి, అన్నీ ముందే తేలుస్తారు. ఆ కొలతకు ప్లాస్టిక్ అచ్చులు త్రీడీ ప్రింటర్‌లో తీస్తే రంపం ఆ గాడిలోనే నడుస్తుంది. ముక్కల్ని పట్టి ఉంచే టైటానియం ప్లేటునూ అట్లాగే ప్రింటు తీసిన దవడ బొమ్మ మీద ముందురోజే వంచి పెట్టుకుంటారు. థియేటర్‌లో టైము మిగులుతుంది. వడ్రంగి చెక్క కోసే ముందు గీత గీసుకోడా, అదే ఇది.

ఇందులో మన అనంతపురంలో లేనిదేది? సీటీ మిషన్లున్నాయి. సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికేదీ ఉంది. త్రీడీ ప్రింటర్లతో ఇంజినీరింగ్ పిల్లలు బొమ్మలు చేసుకుంటున్నారు. ఒంటికి తగిలే అచ్చులకు వేరే రకం ప్లాస్టిక్ కావాలట, ఒప్పుకుంటాను. ప్లేటు వంచుకునే దవడ బొమ్మకు ఏమడ్డం?

మా సంగతి వినండి. ఇక్కడ ఒక స్కానింగ్ సెంటర్ (పేరెందుకు లెండి) ఫిలింలు కవర్లో పెట్టి ఇచ్చింది. రెండు వందల కిలోమీటర్లు పోయి బెంగళూరులో డాక్టర్ ముందు పెడితే "సీడీ ఏది?" అన్నాడు. కంప్యూటర్‌లో కోసి చూసుకోవాలంటే ఫిలిం చాలదు, స్కాను మొత్తం ఉన్న సీడీ కావాలట. ఫోన్ చేస్తే సెంటర్ వాళ్లు "మీరు అడగలేదు కదా సార్" అన్నారు. మా అల్లుడు తెచ్చి ఇస్తే, స్కానులో ముఖాన్ని 5 మిల్లీమీటర్ల మందాన ముక్కలుగా తీసిన బొమ్మలట. ప్లానింగుకు ఒక మిల్లీమీటరో, ఇంకా పలుచగానో ఉండాలట. మళ్లీ స్కాను, మళ్లీ డబ్బు, నెల రోజుల టెన్షన్. గడ్డ మనకోసం ఆగుతుందా? అది పెరిగితే పాత కొలతకు చేసిన అచ్చు పనికిరాదు.

సీడీ అడగాలని జబ్బు మనిషికెట్లా తెలుస్తుంది? ఏ ఆఫీసుకు పోయినా ఇదే వరస. మనం అడగంది వాళ్లు చెప్పరు, అడిగితే పైనుంచి ఆర్డర్ లేదంటారు. దవడ స్కానుకు పలుచటి ముక్కలు తీసి సీడీ చేతికివ్వమని జిల్లా అధికారులు ఒక్క కాగితం పంపితే ఏం పోయింది? రిబ్బన్లు కత్తిరించడానికి మాత్రం అందరికీ తీరిక ఉంటుంది.

ఇక గుట్కా. నిషేధం వచ్చి పదేళ్లు దాటింది. టవర్ క్లాక్ నుంచి బస్టాండు దాకా నడిచి, ఏ బంకులో దొరకదో చెప్పండి. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఒక పొట్లం, కలిపి గుట్కా చేసుకోవడం కొన్నవాడి పని. పట్టుకునేవాడికీ ఆ లెక్క బాగా తెలుసు.

తమ్ముడు సంగటి మెత్తగా చేస్తే మింగుతున్నాడు. పళ్లు ఇంకా పెట్టలేదు, దానికీ ఒక స్కాను కావాలన్నారు. ఈసారి సీడీ గురించి ముందే అడిగి, డబ్బు తర్వాత కట్టాను.

ఇట్లు,
రిటైర్డ్ లెక్కల టీచరు, అనంతపురం