తెల్లరాయి తరలిపోయే ముందు

సంపాదకుడు గారికి,

మా డాబా మీద సోలార్ ప్యానెళ్లున్నాయి, అవి వద్దనే మనిషిని కాను. అయితే సోలార్ కరెంటుకు తవ్వకాలతో పనే లేదని ఎవరైనా అంటే మాత్రం, రాళ్లు కొట్టి బతికిన భూగర్భ శాస్త్రవేత్తను గనుక, మా నెల్లూరు దగ్గరి సైదాపురం గనుల దాకా తీసుకెళ్లి చూపించాలనిపిస్తుంది. ప్యానెల్‌లోని సిలికాన్ పుట్టేది తెల్లరాయి, అంటే క్వార్ట్జ్ నుంచే. ఆ రాయిని బొగ్గులాంటి కర్బనంతో కలిపి కరెంటు కొలిమిలో దాదాపు 2000 డిగ్రీల వేడికి గురిచేయాలి. కిలో సిలికాన్‌కు అక్కడే 10 యూనిట్లకు పైగా ఖర్చవుతుంది, ఆ తర్వాత శుద్ధికి పట్టేది వేరు. ప్యానెల్ కొన్నేళ్లలోనే ఆ బాకీ తీర్చేస్తుంది లెండి. నా గొడవ ప్యానెల్‌తో కాదు, రాయి వెళ్తున్న తీరుతో.

గూడూరు, సైదాపురం వైపు అబ్రకం తవ్విన రోజుల్లో తెల్లరాయి పనికి అడ్డం. గనుల పక్కనే గుట్టలుగా పోసి వదిలేశారు. ఇప్పుడా గుట్టలే సరుకయ్యాయి. కానీ వాటిలో ఉన్నది తెల్లరాయి ఒక్కటే కాదు. అబ్రకం దొరికే పెగ్మటైట్ అనే ముతక స్ఫటికాల రాతి తీగల్లో ఫెల్డ్‌స్పార్ ఉంటుంది, బెరిల్ ఉంటుంది, అక్కడక్కడా నియోబియం, టాంటలం అనే లోహాలను దాచుకున్న నల్లటి ఖనిజాలుంటాయి. సమార్స్కైట్ అనే అరుదైన ఖనిజం నెల్లూరు అబ్రకం గనుల్లోనూ దొరికింది. నిమ్మకాయంత ముక్క చేతిలో పెట్టుకుంటే ఇంత బరువేంట్రా అనిపిస్తుంది. టిప్పర్‌లో పడ్డాక అదంతా తెల్లరాయిలో మలినం కిందే లెక్క.

2015 ఫిబ్రవరిలో కేంద్రం అబ్రకాన్నీ, క్వార్ట్జ్‌నీ, ఫెల్డ్‌స్పార్‌నీ చిన్న తరహా ఖనిజాల్లో, అంటే రాష్ట్రాలే నియమాలు పెట్టుకునే జాబితాలో చేర్చింది. సరిగ్గా పదేళ్లకు, 2025 ఫిబ్రవరిలో, మళ్లీ ప్రధాన ఖనిజాలుగా మార్చింది. వీటి వెంట లిథియం, బెరిల్, నియోబియం వంటివి వస్తాయని, చిన్న తరహాలో ఉన్నంతకాలం వాటి లెక్క తేలడం లేదని చెప్పిన కారణం. మంచిదే. మరి ఈ పదేళ్లలో లారీలెక్కి పోయినదాని మాటేమిటి?

ఆమధ్య ఒక గుట్ట దగ్గర నమూనాలేమైనా తీశారా అని అడిగితే, పొక్లెయిన్ పక్కన నిలబడ్డ కుర్రాడు "రాయే గదా సార్, దానికేం పరీక్ష?" అన్నాడు. వాణ్ని అని లాభం లేదు, వాడికి చెప్పినవాళ్లెవరు?

గనుల శాఖవారిని కోరేది ఇదీ. గుట్ట కదిలించక ముందే కొలవండి. పైన నాలుగు రాళ్లు ఏరి నమూనా అనిపించుకోకుండా, పైనుంచి అడుగు దాకా గాడి కొట్టి తీయండి. పరీక్షలో ఏం తేలిందో ఊరి పంచాయతీ గోడ మీద అంటించి, అప్పుడు పర్మిట్ ఇవ్వండి. పక్కనే నీళ్లు నిండిన పాత గనుల గుంతలు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి, పశువులు తిరిగే చోటు. గుట్ట మొత్తం ఎత్తుకుపోతే రేపు వాటిని పూడ్చడానికి రాయెక్కడిది? అమ్ముడుపోని ముక్కరాయిని ఆ గుంతలకే వేయాలన్న షరతు కూడా పర్మిట్‌లోనే రాయాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత భూగర్భ శాస్త్రవేత్త,
నెల్లూరు