షెడ్డు నుంచి కారు తెచ్చుకునే ముందు

పటమట, విజయవాడ

అమ్మలూ,

మొన్న డివైడర్‌కి గుద్దుకున్న మీ కారు రెండు రోజుల్లో ఇచ్చేస్తామని షెడ్డువాళ్లు అన్నారని అల్లుడుగారు చెప్పారు. బంపర్, హెడ్‌లైట్ మార్చి ఫెండర్‌కి టింకరింగ్, పెయింటింగ్ చేశారట. మంచిదే. పెయింట్ మెరుస్తోందని మాత్రం సంతకం పెట్టి తెచ్చేసుకోకండి. ఫోన్లో చెబితే "సరే నాన్నా" అని మాట మార్చేస్తావు, అందుకే రాస్తున్నా.

ముందు నీ మెడ సంగతి. పట్టేసినట్టుంది, అదే తగ్గుతుంది అన్నావు. కుదుపుకి పట్టిన మెడ ఒక్కోసారి మర్నాటికి గానీ తెలియదు. గుంటూరులో డాక్టర్లకేం కరువు, ఒకసారి చూపించుకో. చీటీ, బిల్లు దాచు. చేతులు తిమ్మిరెక్కినా, తలనొప్పితో వాంతి అయినా క్షణం ఆగొద్దు.

ఇక ఆ ప్రమాదంలో కాజ టోల్‌గేటు దగ్గర పడిపోయిన స్కూటరతను. చేతిలో డబ్బు పెట్టి పంపేశాం, గొడవ వదిలిందన్నారు. వదల్లేదమ్మా. మనిషికి దెబ్బ తగిలితే 24 గంటల్లోగా పోలీసులకు చెప్పాలనీ, ఇన్సూరెన్స్ వాళ్లకు రాసి తెలియజేయాలనీ మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. గడువు దాటినా సరే, వెళ్లి చెప్పండి. అతను పరిహారం కోసం ట్రిబ్యునల్‌కు వెళ్లాలనుకుంటే ఆరు నెలల టైముంది. వెళ్తే అది అతని హక్కు, తప్పుపట్టకు. అలాంటి పరిహారం కట్టడానికే థర్డ్ పార్టీ పాలసీ ఉంది, కానీ కంపెనీకి ముందే తెలిసుండాలి కదా. అసలు అతనికెలా ఉందో కనుక్కున్నారా?

కారు విషయానికి వస్తే నా భయమంతా ఎడమ ముందు చక్రం మీదే. డివైడర్‌కి గుద్దుకుంది అదే. ఆర్టీసీ గ్యారేజీలో నా సర్వీసంతా బస్సుల కింద పడుకునే గడిచింది, పైకి కనపడేది సగమే. టైరు పక్కగోడ ఎక్కడైనా ఉబ్బిందేమో, ముఖ్యంగా లోపలివైపు, చేత్తో తడిమి చూడమను. ఉబ్బిందంటే లోపల దారాలు తెగాయన్నమాట, పంక్చర్ వేయించుకున్నట్టు అతికించి వాడేది కాదు, టైరు మార్చాల్సిందే. రిమ్ము, చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్మ్, చక్రాన్ని తిప్పే టై రాడ్ వంగలేదని చూపించమను. చక్రాల అలైన్‌మెంట్ చేశామంటే ఆ ప్రింటు అడుగు. తిన్నని రోడ్డు మీద స్టీరింగ్ వంకరగా ఉన్నా, 60 దాటాక వణికినా మళ్లీ షెడ్డుకే. రేడియేటర్ కింద తడి, హెడ్‌లైట్ ఫోకస్ కూడా చూసుకోండి. ఎయిర్‌బ్యాగ్ పేలలేదు కాబట్టి అంతా బాగున్నట్టు కాదు. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి ఆరిపోవాలి. వెలుగుతూనే ఉన్నా, అసలు వెలగకపోయినా తీసుకోవద్దు. నీ బెల్టు పూర్తిగా లాగి వదిలితే సాఫీగా లోపలికి పోవాలి. కారులో బుజ్జిగాడిని కూర్చోబెట్టే పిల్లల సీటు గట్టి దెబ్బ చూసింది, పగులు కనపడకపోయినా కొత్తది కొనండి. దాని దగ్గర పీనాసితనం వద్దు.

డబ్బు లెక్క అల్లుడుగారికి తెలిసిందే. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే మన కారు దెబ్బలకోసం కట్టే భాగంలో, 50 శాతం దాకా తగ్గింపు అది. గీతలకైతే నేనూ వద్దనేవాణ్ణి, ఇంత దెబ్బకి క్లెయిమే నయం. మీది బంపర్ టు బంపర్ పాలసీయేనా, అంటే పార్టుల ధరలో తరుగు కోయనిదేనా? కాకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ధరలో సగం మీమీదే పడుతుంది. మార్చిన పాత పార్టులు ఒకసారి చూపించమనండి, బిల్లులన్నీ ఒక ఫైల్లో పెట్టండి. రేపు కారు అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడుగుతారు.

డెలివరీ సోమవారానికి పెట్టించు. ఆదివారం అమ్మా నేనూ బస్సులో వస్తాం, సోమవారం పొద్దున్నే షెడ్డుకి నేనూ వస్తాను. పాలసీ కాపీ, ఆ స్కూటరతని నంబర్ ఈలోగా వాట్సాప్ చెయ్యి, అతనితో నేను మాట్లాడతాను. డాక్టర్ ఏమన్నాడో ఈ రాత్రే చెప్పు, అమ్మ అడిగిందే అడుగుతోంది.

మీ నాన్న