మీ క్యాసెట్లలో నేను చెరిపేసిన మాటల గురించి

అందరికీ నమస్కారం. గత దసరా నుంచి సంక్రాంతి దాకా మన దుకాణంలో పాత వీడియో క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నవారు దయచేసి ఇది చివరిదాకా చదవండి. ఆ రోజుల్లో చేసి ఇచ్చిన 62 క్యాసెట్లలో ఒక తప్పు దొర్లింది. యంత్రం మీద నెట్టేద్దామని ఒక పూట అనుకున్న మాట నిజమే. కానీ తప్పు నాది.

పండగ వెళ్లిన వారంలో ఒకావిడ వచ్చారు. వాళ్లది నుమాయిష్, అంటే హైదరాబాద్‌లో ఏటా జరిగే ఎగ్జిబిషన్‌లో తీసిన వీడియో. నాలుగేళ్ల అబ్బాయి మంకీ టోపీ పెట్టుకుని రంగులరాట్నం గుర్రం మీద కూర్చున్నాడు. బొమ్మ శుభ్రంగా వచ్చింది, రంగులు కూడా బాగానే కుదిరాయి. మెచ్చుకోవడానికి వచ్చారేమోనని కుర్చీ వేశాను. ఆవిడ కూర్చోకుండానే అడిగారు: "మా అత్తగారేరండీ?"

"ఆవిడ వీడియోలో ఎక్కడా లేరమ్మా, నేను మొత్తం చూశాను" అన్నాను.

"కనిపించరు. కటకటాల దగ్గర నిలబడి, గుర్రం ఇటు తిరిగినప్పుడల్లా 'ఒరేయ్, రెండు చేతులతో పట్టుకో' అని అరుస్తుంటారు. ఆ గొంతు కోసమే కదా మీకు డబ్బులిచ్చింది!"

అసలు క్యాసెట్ తెప్పించి వీసీఆర్‌లో పెట్టాను. జనరేటర్ హోరు, తప్పిపోయిన పిల్లల గురించి మైకులో ప్రకటన, వాటి వెనకాల సన్నగా ఆ మాట. ఒకటి కాదు, చుట్టుకొకసారి. నేనిచ్చిన వీడియోలో అదే చోట బావిలోంచి ఎవరో మూలిగినట్టు ఉంది, అంతే.

జరిగింది ఇదీ. హోరు తగ్గించే సాఫ్ట్‌వేర్ ఒకటుంటుంది. ఎడతెగకుండా వినిపించే శబ్దాన్ని రెండు మూడు సెకన్లు నమూనాగా చూపిస్తే, అలాంటిది క్యాసెట్ పొడవునా ఎక్కడుంటే అక్కడ తీసేస్తుంది. దసరాకు ముందు ఇద్దరు ముగ్గురు "గరగర ఎక్కువగా ఉంది" అన్నారని దాన్ని బాగా పెంచి, అందరి క్యాసెట్లకూ అదే కొలతన పెట్టేశాను. దగ్గరి గొంతులు దానికి తట్టుకుంటాయి. కెమెరాకు దూరంగా నిలబడి పిల్లల్ని అదిలించే నాయనమ్మలు, అమ్మమ్మల గొంతులు తట్టుకోవు. హోరుతో కలిపి వాళ్లనూ ఊడ్చేశాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. "అనవసరమైన భాగాలు" నేనే కత్తిరించి ఇచ్చేవాణ్ణి. కెమెరా ఆపడం మరిచిపోయి నేలను, చెప్పులను, ఆకాశాన్ని తీసిన ముక్కలు. ఎవరూ అడగలేదు. ఉచితంగా చేస్తున్న సేవ అనుకున్నాను.

ఆ రాత్రి దుకాణం మూశాక మా ఇంటి క్యాసెట్ తీశాను. ఇన్నేళ్లుగా ఊరందరివీ ఎక్కిస్తున్నాను గానీ మాది ముట్టుకోలేదు, కంసాలి ఇంట్లో ఇత్తడి గాజులన్నట్టు. పాతవారికి తెలుసు, ఈ దుకాణం మా నాన్న నడిపిన వీడియో లైబ్రరీ. పెళ్లిళ్లకు కెమెరా కూడా తిప్పేవారు. ఆషాఢం వస్తే ముహూర్తాలుండవు, కెమెరాకు పని ఉండదు. అందుకే మా కుటుంబం వీడియోలన్నీ ఆషాఢానివే. ప్రతిదాంట్లో చినుకులు, గొడుగు అంచు. ఎవరి పెళ్లి క్యాసెట్‌లోనో మిగిలిన టేపు మీదే తీసేవారు కాబట్టి, అప్పగింతల ఏడుపు సగంలో ఆగిపోయి ఒక్కసారిగా హుస్సేన్ సాగర్ ఒడ్డున లుంబినీ పార్కు వస్తుంది.

పార్కు 1994లో తెరిచారు. మేం వెళ్లింది ఆ మరుసటి ఏడాది. పచ్చికలో దుప్పటి పరిచి పులిహోర డబ్బా తీశాక నాన్న కెమెరా పక్కన పెట్టారు, ఆపలేదు. ఏడు నిమిషాల పాటు గడ్డి, మా బాబాయి ఎడమ చెప్పు, ఒక స్టీలు మూత. చూడటానికి ఏమీ లేదు. వినడానికి మాత్రం ఇల్లంతా ఉంది. నాకు జీడిపప్పు తక్కువ వచ్చిందని నేను పేచీ పెడుతుంటే, నాయనమ్మ తన వాటాలోంచి లెక్కపెట్టి వేస్తోంది, "ఒకటీ, రెండూ, ఇదిగో మూడు, ఇక నోరు మూసుకో" అని. బుద్ధుడి దగ్గరికి లాంచీలో వెళ్దామని నాన్న అంటే తమ్ముడు రానంటున్నాడు. 1990 మార్చిలో ఆ విగ్రహాన్ని తరలిస్తుండగా హుస్సేన్ సాగర్‌లో మునిగిపోవడం, రెండేళ్లు దాటాక పైకి తీసి 1992 డిసెంబరులో నిలబెట్టడం ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకోగా విన్నాడు వాడు. "అంత దేవుడే మునిగాడు, మనం మునగమా?" అంటున్నాడు. అమ్మ సమాధానం: "ఆయన రాయి. నువ్వు ఎండుకట్టె. తేలుతావు, తిను."

నాయనమ్మ పోయి పద్దెనిమిదేళ్లయింది. ఆవిడ గొంతు మా దగ్గర ఉన్నది ఈ చెప్పు ముక్కలోనే. ఇది మీ క్యాసెట్ అయ్యుంటే నేను కత్తిరించి పారేసేవాణ్ణి.

ఇక చేయబోయేది. 62లో 41 క్యాసెట్లకు శుద్ధి చేయకముందు తీసిన నకలు నా దగ్గర ఉంది. వాటిని శబ్దం ముట్టుకోకుండా, ఏమీ కత్తిరించకుండా మళ్లీ ఇస్తాను, పైసా తీసుకోను. మిగతా 21కి నకలు లేదు. డిస్క్‌లో చోటు చాలక చెరిపేశాను. వారికి నేనే ఫోను చేస్తున్నాను. క్యాసెట్ మళ్లీ తెచ్చి ఇవ్వాలి. అటక మీది ఇనప్పెట్టెలో ఉంటే దయచేసి అందులోంచి తీసి పొడిచోట పెట్టండి. టేపు మీద తెల్లని బూజు మచ్చలుంటే మీ దగ్గరున్న వీసీఆర్‌లో పెట్టి చూడవద్దు. ఆ బూజు యంత్రానికి అంటుకుని, తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. అలాంటివి విడిగా తుడిచాకే ఎక్కిస్తాను. కొత్త పనుల్లో బూజు క్యాసెట్‌కు 150 రూపాయలు అదనం. ఈ 62కి అదీ లేదు.

ఆలస్యం మాత్రం తప్పదు. మూడు గంటల క్యాసెట్ ఎక్కడానికి మూడు గంటలే పడుతుంది, తొందరపెడితే వినదు. ఉన్నవి మూడు వీసీఆర్‌లు, ఒకదానిలో టేపును చదివే హెడ్ అరిగిపోయింది. 2016 జూలైలో జపాన్‌లోని ఫునాయ్ కంపెనీ కూడా తయారీ ఆపేశాక కొత్తవి రావడం లేదు. పాతసామాన్ల కొట్లలో వెతికి, రెండు చచ్చినవాటిని కలిపి ఒకటి బతికిస్తున్నాం.

ఏ సంవత్సరమో రాయమని చాలామంది అడుగుతారు. తెర మూలన కనిపించే తేదీని నమ్మి కొందరికి తప్పు రాశాను. కెమెరాలో గడియారం బ్యాటరీ అయిపోతే తేదీ మళ్లీ మొదటికి వెళ్తుంది. ఇప్పుడు వెనకాల చూస్తున్నాను. చెరువులో బుద్ధుడు నిలబడి ఉంటే 1992 డిసెంబరు తర్వాతే. స్వెట్టర్లు, మిర్చి బజ్జీ పొట్లాలు, జైంట్ వీల్ కలిసి కనిపిస్తే నుమాయిష్, అంటే జనవరి, ఫిబ్రవరి. జూపార్కు చిన్న రైలు దగ్గర మాత్రం నాకు ఏమీ పాలుపోదు. అక్కడ ఏడాది మీరే చెప్పాలి, పిల్లవాడి పళ్లు ఎన్ని ఊడాయో చూసి.

సోమవారం నుంచి శనివారం దాకా, ఉదయం పదకొండు నుంచి రాత్రి ఎనిమిది వరకు ఉంటాను. రసీదు పోయినా ఫరవాలేదు. క్యాసెట్ అట్ట మీద మీ నాన్నగారి చేతిరాత గుర్తుపట్టి చెబితే చాలు, వెతికి ఇస్తాను.