వార్షిక నివేదిక: పత్తిలో గులాబీ రంగు పురుగు

సభ్యులకు నమస్కారం. ఈ ఏడాది సంఘం పని ఎక్కువగా గులాబీ రంగు పురుగు చుట్టూనే తిరిగింది. జమాఖర్చులు ఖాతా పుస్తకంలో ఉన్నాయి, చూసుకోవచ్చు.

విత్తిన 45 రోజులకు ఎకరాకు 4 చొప్పున లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసన ఉన్న ఎరతో మగ పురుగులను రప్పించి పట్టేవి) పెట్టించాం. బుట్ట ఎప్పుడూ పైరు కొసకు అడుగు ఎత్తున ఉండాలి. చాలా చేలల్లో పైరు పెరిగినా బుట్టను పైకి జరపలేదు. ఆకుల్లో మునిగిన బుట్టలో పురుగు సరిగా పడదు. పడలేదని నిశ్చింతగా ఉంటే అసలుకే మోసం. ఎరను నెలకోసారి మార్చాలి. పాతది చేలోనే పారేస్తే మగ పురుగులు దాని చుట్టూ తిరిగి లెక్క తప్పుతుంది.

బుట్టకు రోజుకు 8 చొప్పున వరుసగా 3 రోజులు పడితేనే మందు కొట్టాలి. బుట్ట లెక్క ఒక్కటే చాలదు. రేకులు విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డిపూలను విప్పి చూడాలి; లోపల సన్నటి దారాల మధ్య నల్లతల పురుగు ఉంటుంది. వేర్వేరు మొక్కల నుంచి 20 పచ్చికాయలు కోసి చీల్చండి. రెండింటిలో పురుగు కనిపిస్తే నష్టం 10 శాతానికి చేరినట్టే. కాయ పైకి నున్నగానే ఉంటుంది, ఎందుకంటే గుడ్డు పగిలిన కాసేపటికే పిల్లపురుగు లోపలికి దూరుతుంది, ఆ రంధ్రం పూడిపోతుంది. తర్వాత కొట్టిన మందు దానికి తగలదు. తొక్క లోపలివైపు చిన్న బుడిపెలుంటే అది దూరిన గుర్తు.

“బీటీ విత్తనమే కదా” అన్న మాట ప్రతి సమావేశంలోనూ వినిపించింది. బీటీ అంటే కాయతొలిచే పురుగులను చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా జన్యువు చేర్చిన విత్తనం. రెండు జన్యువుల బీటీ 2006లో వచ్చింది. 2014-15 నాటికే గుజరాత్‌లో ఈ పురుగు దాన్ని తట్టుకుంది. దాని మీద భరోసా పెట్టుకోవద్దు.

అసలు చిక్కు చివరి ఏరుడు దగ్గరే. చలికాలపు పురుగు రెండు గింజలను దారంతో కలిపి అందులోనే నిద్రావస్థలో ఉండిపోతుంది. నీరుందని పంటను జనవరి దాటించినా, కాయలున్న పత్తికట్టెను పొయ్యిలోకని గట్టున కుప్పేసినా వచ్చే వానాకాలానికి పురుగును మనమే దాచిపెట్టినట్టు. అందుకే డిసెంబరు ఆఖరుకు పంట తీసేయాలని తీర్మానించాం. రాలిన కాయలు ఏరి కాల్చాలి. కట్టెను ముక్కలు చేసే యంత్రం కావలసినవారు చివరి ఏరుడుకు ముందే పేరు రాయించాలి. పక్కపక్క చేలవారు ఒకే రోజు అడిగితే వారికే ముందు ఇస్తాం.