పెద్ద స్కానర్ కొనలేదు, కెమెరా పెట్టాం

మ్యూజియం ఫొటోల్నీ, పెద్ద నెగటివ్‌లనీ డిజిటల్ ఫైళ్లుగా మార్చే కొత్త మెషిన్ ఎప్పుడు తెస్తారని మా కస్టమర్లు చాలాకాలంగా అడుగుతున్నారు. తెచ్చాం. కాకపోతే అది స్కానర్ కాదు. 150 మెగాపిక్సెల్ కెమెరా, మాక్రో లెన్సు, కాపీ స్టాండు, కింద ఎల్‌ఈడీ లైట్ టేబుల్. స్కానర్ కోసం కూడబెట్టిన డబ్బంతా వీటికే పోయింది కాబట్టి ఎందుకో మీకు చెప్పాలి.

ముందు డీపీఐ సంగతి, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలన్నది. ఫోన్ చేసినవాళ్లు మొదట అడిగేది అదే. ఫ్లాట్‌బెడ్ స్కానర్, అంటే గాజు మీద పెట్టి స్కాన్ చేసేది, దాని డబ్బా మీద 6400 అని ఉంటుంది. సెన్సర్ అన్ని పిక్సెళ్లు ఇచ్చే మాట నిజమే, లెన్సుకు మాత్రం అంత వివరం అందదు. సన్న గీతలుండే 1951 యూఎస్‌ఏఎఫ్ టార్గెట్ అనే పరీక్ష పలక పెట్టి చూడండి. గీతలు సన్నబడుతూ పోయి ఒకచోట బూడిదరంగు పట్టీలా కలిసిపోతాయి. మంచి ఫ్లాట్‌బెడ్‌లోనూ అది ఇంచుమించు 2400 దగ్గరే జరుగుతుంది. అక్కడినుంచి 6400కి పెంచితే ఫైలు ఏడింతలవుతుంది, బొమ్మలో కొత్తగా కనబడేది ఏమీ ఉండదు.

మా కెమెరా ఫ్రేము 14,204 × 10,652 పిక్సెళ్లు. 4×5 అంగుళాల నెగటివ్‌ను ఒక్క షాట్‌లో తీస్తే అంగుళానికి సుమారు 2,600 పిక్సెళ్లు దక్కుతాయి. వినడానికి చిన్న సంఖ్యే, కానీ అందులో దొంగలెక్క లేదు. 8×10 అయితే ముక్కలుగా తీసి కలపాలి. టైమ్ ఎక్కువ పడుతుంది, చార్జీ కూడా ఎక్కువే.

క్వాలిటీ మాటకొస్తే, ఫిల్మును తిరిగే డ్రమ్ము మీద పెట్టి చదివే డ్రమ్ స్కానర్‌ను ఇవాళ్టికీ తీసిపారేయలేం. అతి తక్కువ వెలుతురునూ పట్టే దాని ఫొటోమల్టిప్లయర్ ట్యూబులు స్లైడుల్లోని చిక్కటి నీడల్లోంచి కూడా వివరం లాగుతాయి. అయితే ఫిల్మును డ్రమ్ముకు చుట్టాలి, చాలాసార్లు ద్రవంతో తడిపి మరీ. వందేళ్లనాటి నెగటివ్‌ను తడుపుతామంటే ఏ క్యూరేటర్ ఒప్పుకుంటారు? ఫ్లెక్స్‌టైట్ అనే ఫిల్ము స్కానర్ కూడా ఫిల్మును వంచే పట్టుకుంటుంది. పైగా దాని తయారీ 2019లో ఆగిపోయింది. పాతది కొంటే స్పేర్ పార్టుల కోసం, ఫైర్‌వైర్ పోర్టున్న పాత కంప్యూటర్ కోసం వెతుక్కుంటూ కూర్చోవాలి.

అసలు మమ్మల్ని కెమెరా వైపు తిప్పింది గాజు పలకలు, అంటే గాజు మీద తీసిన పాత నెగటివ్‌లు. పాత పలకను ఏటవాలు వెలుతురులో చూస్తే అంచుల్లో ఎమల్షన్, అంటే బొమ్మ ఉండే పూత, పొలుసుల్లా లేచి ఉంటుంది, ఊదితే ఊడేలా. దాన్ని ఫ్లాట్‌బెడ్ మీద బోర్లా పెడితే ఆ పొలుసులు స్కానర్ గాజుకు రాసుకుంటాయి. వెల్లకిలా పెడితే పలక మందం వల్ల ఫోకస్ తప్పుతుంది. కెమెరా కింద ఎమల్షన్ పైకే ఉంటుంది, పలక అంచులు మాత్రమే హోల్డర్‌కు ఆనుతాయి, బొమ్మ ఉన్న వైపు ఏదీ తగలదు. ఫోకస్ సరిగ్గా ఎమల్షన్ మీదే పెట్టుకోవచ్చు. మిగతా లాభాలేవీ లేకపోయినా దీనికోసమే కొనేవాణ్ణి.

లోటు కూడా ఉంది. ఫ్లాట్‌బెడ్‌లో దుమ్మునీ గీతల్నీ చెరిపేసే ఇన్‌ఫ్రారెడ్ సదుపాయం ఈ కెమెరాకు లేదు. బ్లాక్ అండ్ వైట్ నెగటివ్‌లకు అది ఎలాగూ పనికిరాదు, అందులోని వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకుంటుంది. కలర్ నెగటివ్‌లకు మాత్రం ఎంతో పని తప్పిస్తుంది. అందుకే ఇంటి ఆల్బమ్‌ల కలర్ నెగటివ్‌లు పాత ఫ్లాట్‌బెడ్ మీదే చేస్తాం, పాత రేటుకే. కెమెరా మీదే కావాలని పట్టుబడితే చేతితో దుమ్ము తీసే కూలి విడిగా ఉంటుంది. అంత ఖర్చు పెట్టకండనే చెప్తాను.

డిజిటల్ కాపీల నాణ్యతకు ఫాడ్గి, ఐఎస్‌ఓ 19264 ప్రమాణాలు అడిగే సంస్థలకు ప్రతి బ్యాచ్‌తో పరీక్ష పలకను తీసిన టార్గెట్ షాట్ కూడా ఇస్తాం. 16 బిట్ కలర్ టిఫ్ ఫైలు ఒక్కోటి దాదాపు 900 ఎంబీ ఉంటుంది, పెన్‌డ్రైవ్ చాలదు. హార్డ్ డిస్క్ పంపండి.

నైట్రేట్ ఫిల్ము మాత్రం తీసుకోం. 1950ల మొదటివరకూ తయారైన ఆ ఫిల్ము పాడయ్యేకొద్దీ తనంతట తానే అంటుకునే ప్రమాదముంది, దాన్ని ఉంచుకునే ఏర్పాటు మా దగ్గర లేదు. అంచున నైట్రేట్ అని కనిపించినా, ఫిల్ము పసుపు తిరిగి జిగురుగా అయినా కొరియర్ చేయకండి, ముందు ఫోన్ చేయండి. వెనిగర్ వాసన వస్తే అది అసిటేట్ అనే మరో రకం ఫిల్ము. దాన్ని తీసుకుంటాం, కానీ మిగతావాటితో కలపకుండా వేరే పెట్టెలో పంపండి.