టు-గో ఆర్డర్‌కు టిప్పు ఎంత?

సంపాదకులకు నమస్కారం.

ఆగస్టు వచ్చిందంటే మన ఊళ్ల నుంచి వేలమంది పిల్లలు చదువులకని అమెరికా బయల్దేరతారు. వేసవిలో తల్లిదండ్రులు వాళ్లను చూడ్డానికి వస్తారు. వీసా గురించి, అద్దె గురించి, చలికోటు గురించి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. రెస్టారెంట్‌లో పార్సిల్ (అక్కడ టు-గో అంటారు) తీసుకునేటప్పుడు టిప్పు ఎంత ఇవ్వాలన్నది మాత్రం కౌంటర్ ముందు నిలబడ్డాకే గుర్తొస్తుంది. వెనక నలుగురు లైన్లో ఉంటారు. క్యాషియర్ స్క్రీన్ ఇటు తిప్పితే 18, 20, 25 శాతం అని మూడు పెద్ద గళ్లు కనబడతాయి. 'నో టిప్' అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది. మొహమాటానికి నడిమి గడి నొక్కేసి వచ్చేస్తాం. వారం తిరక్కుండా అదే రెస్టారెంట్‌లో కూర్చుని నలుగురం తిని, బిల్లును రూపాయల్లోకి మార్చుకుని గుండె గుభేలుమని, బల్ల మీద మూడు డాలర్లు పెట్టి లేస్తాం. ఇవ్వాల్సిన చోట తగ్గించి, అక్కర్లేని చోట పెంచుతున్నామన్నమాట. దీన్ని సరిచేసుకోవాలంటే ముందు అక్కడి జీతాల లెక్క తెలియాలి.

అమెరికా ఫెడరల్ (అంటే కేంద్ర ప్రభుత్వ) కనీస వేతనం గంటకు 7.25 డాలర్లు. 2009 జూలై నుంచి అంతే. అయితే టిప్పులు వచ్చే ఉద్యోగికి యజమాని తన చేతి నుంచి 2.13 డాలర్లు ఇస్తే చాలు, మిగతా 5.12 టిప్పుల్లోంచి వచ్చినట్టు చట్టం లెక్కేస్తుంది. టిప్పులు కలిపినా 7.25 అందకపోతే ఆ లోటు యజమాని పూడ్చాలి. ఈ 2.13 అంకె 1991 నుంచి కదల్లేదు. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సస్‌లో, డాలస్ పక్కనున్న ఇర్వింగ్, ఫ్రిస్కోల్లో ఇదే నడుస్తోంది. కాలిఫోర్నియా, వాషింగ్టన్, ఆరెగాన్, నెవాడా, మినెసోటా, మోంటానా, అలాస్కా రాష్ట్రాల్లో ఈ తగ్గింపు కుదరదు. అక్కడ టిప్పు వచ్చినా రాకపోయినా రాష్ట్రం పెట్టిన కనీస వేతనం పూర్తిగా ఇవ్వాల్సిందే. కాలిఫోర్నియాలోని పెద్ద ఫాస్ట్‌ఫుడ్ చెయిన్లలోనైతే 2024 ఏప్రిల్ 1 నుంచి గంటకు కనీసం 20 డాలర్లు.

అంటే టెక్సస్‌లో బల్ల దగ్గరికి వచ్చి వడ్డించే సర్వర్‌కు టిప్పే జీతం. కూర్చుని తింటే పన్నుకు ముందున్న మొత్తం మీద 18 నుంచి 20 శాతం ఇవ్వాలనేది అందుకే. చాలా రెస్టారెంట్లలో సర్వర్ తన అమ్మకాల మీద రెండు మూడు శాతం బల్లలు తుడిచేవాళ్లకు, బార్‌లో పనిచేసేవాళ్లకు పంచాలి. 100 డాలర్లు తిన్న బల్ల టిప్పు పెట్టకుండా లేచిపోతే ఆ రెండు మూడు డాలర్లు సర్వర్ వేరే బల్లల మీద సంపాదించుకున్న దాంట్లోంచి పోతాయి. ఈ సంగతి మనవాళ్లలో చాలామందికి తెలియదు, తెలియాలి.

టు-గో సంగతి వేరు. కౌంటర్‌లో ఉండే క్యాషియర్, ప్యాకింగ్ చేసే మనిషి చాలాచోట్ల పూర్తి గంట జీతం మీదే పనిచేస్తారు. అక్కడి ఆదాయపు పన్ను శాఖ కూడా ఈ తేడా పాటిస్తుంది. పెద్ద రెస్టారెంట్లు ఏటా దాఖలు చేసే 8027 ఫారంలో అమ్మకాల మీద 8 శాతం టిప్పు వచ్చి ఉంటుందన్న లెక్క ఒకటి ఉంది. ఆ లెక్కలో పార్సిల్ అమ్మకాలను కలపరు. కాబట్టి రెండు సమోసాలు, ఒక చాయ్ పట్టుకెళ్తూ 'నో టిప్' నొక్కితే తప్పేమీ లేదు. చిల్లర ఒక డాలరు టిప్పుల డబ్బాలో వేస్తే సంతోషిస్తారు.

అలాగని ప్యాకింగ్ పనే కాదనుకోవద్దు. ఒక ఫ్యామిలీ ప్యాక్ బిర్యానీ, రెండు మసాలా దోశలు, ఒక గోంగూర చికెన్ అనుకోండి. బిర్యానీని అల్యూమినియం ట్రేలోకి తీసి, అట్టమూత పెట్టి, అంచు చుట్టూ వేలితో నొక్కుకుంటూ రావాలి. సాలన్ డబ్బాలో పైన వేలెడు ఖాళీ వదలాలి. నిండా పోస్తే ఆవిరికి మూత లేచి సంచంతా నూనె అవుతుంది. దోశను బిగుతుగా మూస్తే పది నిమిషాల్లో మెత్తబడుతుంది, అందుకే చిల్లులున్న పెట్టెలో పెట్టాలి. చట్నీలు రెండు ఔన్సుల కప్పుల్లో, సాంబారు ఎనిమిది ఔన్సుల డబ్బాలో. రైతా బిర్యానీకి తగలకుండా విడిగా ఉండాలి. చివర్లో ఆర్డర్ చీటీ పట్టుకుని ఒక్కొక్కటీ సరిచూడాలి. శుక్రవారం రాత్రి ముప్పై ఆర్డర్లు ఒకేసారి పడితే ఈ సరిచూడటమే ఎగిరిపోతుంది. ఇంటికెళ్లాక చట్నీ లేదని తెలిసేది అలాంటప్పుడే. ఈపాటి ఆర్డర్‌కు 10 శాతం న్యాయమైన టిప్పు. కారు దగ్గరికి తెచ్చి ఇచ్చినా అంతే, లేదా మూడు నుంచి ఐదు డాలర్లు. పుట్టినరోజుకో వ్రతానికో 400 డాలర్ల ట్రేలు తీసుకుంటే, ఇద్దరు మనుషులు మోసుకొచ్చి డిక్కీలో ఒరగకుండా సర్దిపెడితే, 20 నుంచి 40 డాలర్ల మధ్య ఇవ్వండి. కొన్నిచోట్ల 2.13 జీతం మీదున్న సర్వరే బల్లలు చూసుకుంటూ టు-గో కూడా కడుతుంటారు. అలా కనబడితే చిన్న ఆర్డర్‌కైనా 10 శాతం పెట్టడం ధర్మం.

ఇక స్క్రీన్. ఇర్వింగ్‌లో 40 డాలర్ల ఆర్డర్‌కు 8.25 శాతం పన్ను 3.30, మొత్తం 43.30. కొన్ని మెషిన్లు పన్ను కలిపిన మొత్తం మీద శాతం వేస్తాయి. అప్పుడు 20 శాతమంటే 8.66. పన్నుకు ముందు లెక్కేస్తే 8 డాలర్లే. మీరివ్వదలచుకున్నది 10 శాతమైతే 'కస్టమ్' నొక్కి 4 డాలర్లు వేయండి. చాలా మెషిన్లలో అంకెలు సెంట్ల వైపు నుంచి నిండుతాయి. 4 నొక్కితే నాలుగు సెంట్లు పడుతుంది, 400 నొక్కితేనే 4.00 అవుతుంది. పచ్చ బటన్ నొక్కేముందు మొత్తం ఒకసారి చదువుకోండి. కాగితం రసీదు మీద సంతకం చేయాల్సి వస్తే టిప్పు గడిని ఖాళీగా వదలొద్దు. ఇవ్వనప్పుడు అడ్డగీత గీసి, కింద మొత్తం మీ చేత్తోనే రాయండి.

బిల్లులో 'సర్వీస్ ఛార్జ్' లేక 'గ్రాట్యుటీ' అని ముందే 18 శాతం పడిందేమో చూడండి. ఉంటే పైన మళ్లీ టిప్పు అక్కర్లేదు. మన దేశంలో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలైలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం రెస్టారెంట్ తనంతట తాను సర్వీస్ ఛార్జ్ వేయకూడదు. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. ఆ అలవాటుతో అమెరికాలో తీసేయమని గొడవపడొద్దు. మెనూలో ముందే రాసి ఉంటే అది కట్టాల్సిన డబ్బు. అయితే పన్ను లెక్కలో అది టిప్పు కాదు, రెస్టారెంట్ రాబడి. పనివాళ్లకు చేరుతుందో లేదో కౌంటర్‌లోనే అడగొచ్చు, అడగడంలో అమర్యాద లేదు.

టిప్పును యజమాని గానీ మేనేజర్ గానీ ఉంచుకోకూడదని 2018లో ఫెడరల్ చట్టాన్ని సవరించారు. కార్డు మీద ఇచ్చిన దాంట్లోంచి కార్డు కంపెనీ రుసుము మేర కోయడానికి టెక్సస్‌లో వీలుంది, కాలిఫోర్నియాలో లేదు. జీతమివ్వకుండా "టిప్పులు నువ్వే ఉంచుకో, అదే జీతం" అని ఎవరి చేతనైనా పనిచేయించుకోవడం ఏ రాష్ట్రంలోనూ చెల్లదు. కొత్తగా వెళ్లే పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఇంటికి తెచ్చిచ్చే డెలివరీని టు-గోతో కలిపి చూడొద్దు. కారూ పెట్రోలూ డ్రైవరువే. బిల్లులో కనబడే డెలివరీ ఫీజు అతనికిచ్చే టిప్పు కాదు. 15 నుంచి 20 శాతం, ఎంత చిన్న ఆర్డరైనా ఐదు డాలర్లకు తగ్గకుండా ఇవ్వండి. వానలోనో మంచులోనో వస్తే ఇంకో రెండు మూడు కలపండి.

ఏదైనా వస్తువు తగ్గిందని ఇంటికెళ్లాక తెలిస్తే రసీదు మీదున్న నంబరుకు వెంటనే ఫోన్ చేసి ఆర్డర్ నంబరు చెప్పండి. చాలావరకు డబ్బు వెనక్కిస్తారు, లేదా మళ్లీ వెళ్లినప్పుడు ఇస్తారు. ఆ కోపం మరుసటిసారి కౌంటర్‌లో ఉన్న మనిషి టిప్పు మీద చూపకండి. ఆ రోజు సంచి కట్టింది వేరొకరు అయి ఉండొచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
ఇర్వింగ్, టెక్సస్